గిజిగాడి వంశం

ఆదివారం

రాత్రంతా కరెంటు వస్తూ పోతూ ఉండటంతో నిద్ర సరిగ్గా లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఫోన్ తెరిస్తే అక్క కూతురి మెసేజ్. "పిన్నీ, నీ టోటెమ్ ఏంటో చూసుకో" అని ఒక లింకు. టోటెమ్ అంటే మనకి అండగా ఉండి తన గుణాలు ఇచ్చే జంతువో పిట్టో అట. వేకువ ఇష్టమా రాత్రి ఇష్టమా, నలుగురిలో ఉంటే హాయిగా ఉంటుందా ఒంటరిగానా, ఇలాంటి ప్రశ్నలు కొన్ని. ఇడ్లీలు ఉడికేలోపు అన్నీ నొక్కేశాను. వచ్చిన జవాబు: చిన్న పాటల పిట్ట. ఉల్లాసం, ఇంటి మీద మమకారం, ఉన్నదాంతో తృప్తి, మనసులో మాట దాచుకోకుండా చెప్పేసే గుణం నాకు ఉన్నాయట. ఆ చివరి ముక్క మావారికి చదివి వినిపిస్తే, "అది పిట్ట వచ్చి చెప్పాలా" అన్నారు.

నాకు నచ్చనిదల్లా ఏ పిట్టో చెప్పకపోవడం. పక్షిశాస్త్రం లెక్కన చూస్తే కాకి కూడా పాటల పిట్టల జాబితాలోనే ఉంటుంది. పేరు కూడా లేని పిట్ట నాకు అండగా ఉంటుందంటే ఎలా నమ్మేది? అదే అడిగాను. "అయితే గిజిగాడు అనుకో పిన్నీ, నువ్వు ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతూనే ఉంటావుగా" అని జవాబిచ్చింది. నా ఊలు అల్లికల మీద సెటైర్ అది. దానికి పోయిన సంక్రాంతికి ఇచ్చిన స్వెట్టర్ ఒక్కసారి కూడా వేసుకోలేదని నాకు తెలుసు. అయినా గిజిగాడు అనేసరికి బాగానే అనిపించింది.

ఎలాగూ ఇవాళ చోడవరం దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్ళే పని ఉంది. కౌలు మాట్లాడాలి. నేలబావి దగ్గర తాటిచెట్లు కొట్టించాలా వద్దా అన్నది తేల్చాలి. బయల్దేరుతుంటే ఆడపడుచు ఫోన్. వాళ్ళు కొత్త ఫ్లాట్‌లోకి మారారు. "వదినా, వచ్చేటప్పుడు ఒక గిజిగాడి గూడు పట్టుకురా. హాల్లో వేలాడదీస్తే ఇంట్లో డబ్బు నిలుస్తుందట, వీడియోలో చెప్పారు." పొద్దున లేచిన దగ్గర్నుంచి అందరికీ ఈ పిట్టే ఎందుకు గుర్తొస్తోందో! చూస్తానన్నాను.

దారి పొడవునా నాట్లు జోరుగా సాగుతున్నాయి. మా చేను గట్టు మీద, పాడుబడ్డ నేలబావి పైకి వంగి ఉన్న రెండు తాటిచెట్ల ఆకుల చివర్లన్నిటికీ గూళ్ళే. మావారు, కౌలు రైతు గట్టు మీద కూర్చుని లెక్కలు మొదలుపెట్టారు. నేను గొడుగు పట్టుకుని బావి దగ్గర నిలబడ్డాను.

ముందుగా చెప్పాల్సింది పాట గురించి. పాట ఏమీ బాగుండదు. చిట్ చిట్ అని కాసేపు, ఆ తర్వాత ఆయాసం వచ్చిన మనిషి ఊపిరి తీసినట్టు చీ అని ఒక సాగదీత. మగపిట్టలన్నీ కలిసి అదే పని. ఈ కాలంలో వాటి తల, రొమ్ము పసుపు పూసినట్టు ఉంటాయి. వానలు పోయాక ఆ రంగు కూడా పోయి ఆడ పిచ్చుకల్లా తేలిపోతాయి, అప్పుడు గుర్తుపట్టడం కష్టం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం ఇదే సందడి. గూళ్ళన్నీ చెట్టుకి ఒకవైపే ఎక్కువగా ఉండటం గమనించాను. తూర్పు వైపు. నైరుతి గాలివాన ఆ పక్క నుంచి కొట్టదు కాబట్టి అని చదివాను. కింద నీళ్ళు ఉండటం కూడా ఊరికే కాదు, పాములు, ఎలుకలు అంత దూరం పాకి రాలేవు.

ఒక మగపిట్ట వరి ఆకు అంచు కొరికి పట్టుకుని ముందుకి ఎగిరింది. ఆకు నిలువునా చీలి సన్నటి పోగు ఊడి వచ్చింది. అలాంటి పోగులు జానెడు నుంచి మూరెడు పొడవు దాకా ఉంటాయట. ఒక్కో గూటికి ఐదు వందల దాకా తిరుగుళ్ళు, పూర్తిగా కట్టడానికి దాదాపు 18 రోజులు. వేళ్ళు లేవు, సూది లేదు, ఉన్నదల్లా ముక్కు. నేను ఒక మఫ్లర్ మొదలుపెట్టి రెండు చలికాలాలు దాటింది.

చిన్నప్పుడు బళ్ళో జాషువా గారి గిజిగాడి పద్యాలు చదివినప్పటి నుంచి మన తెలుగువాళ్ళకి ఈ పిట్ట అంటే పనితనం, ఓర్పు, చక్కగా ఇల్లు కట్టుకుని పెళ్ళాంబిడ్డల్ని చూసుకునే గృహస్థు. పంచతంత్రంలో వానకి తడుస్తున్న కోతికి నీతి చెప్పి గూడు పోగొట్టుకున్నది కూడా ఇదే. ఇక గూట్లో బంకమట్టి అంటించి దానికి మిణుగురుల్ని గుచ్చి దీపం పెట్టుకుంటుందన్న కథ మా అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! మట్టి పెట్టడం నిజమే. దీపం మాత్రం మనుషులు వెలిగించిందే.

అసలు సంసారం వేరే రకం. 1930 ప్రాంతంలో బొంబాయికి దగ్గర కిహిం అనే సముద్రపు ఒడ్డు పల్లెలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఈ గూళ్ళ దగ్గర కాపు కాసి చూశాడు. మగపిట్ట గూడు సగం దాకా, అంటే తలకి పెట్టుకునే టోపీ ఆకారం వచ్చేదాకా అల్లుతుంది. అక్కడ ఆపేసి రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తుంది. ఆడపిట్టలు వచ్చి ఒక్కో గూట్లోకి దూరి లాగి, పీకి, పరీక్ష చేస్తాయి. నచ్చితేనే ఉంటాయి. నచ్చాక మగది గది, కిందికి గొట్టం లాంటి దారి కట్టి పూర్తి చేస్తుంది. ఆవిడ గుడ్ల మీద కూర్చోగానే ఈయన పక్క ఆకుకి ఇంకో గూడు మొదలుపెడతాడు, ఇంకో ఆవిడ కోసం. పిల్లల పెంపకం భారమంతా దాదాపు తల్లిదే.

అంటే ఆ లింకులో రాసినట్టు ఇంటి మీద మమకారం అన్న గుణం ఈ పిట్టకి అంటగడితే అది ఇల్లు కట్టడం మీద మమకారం అవుతుంది, ఇంటి మీద కాదు. ఇది చదివి మా అక్క కూతురు నవ్వుతుందని తెలుసు. కానీ నాకు గిజిగాడి మీద గౌరవం ఏమీ తగ్గలేదు. దానికి మన గృహస్థ ధర్మంతో పనేముంది? మనకి కావలసిన గుణాలు దాని మెడలో కట్టి, మళ్ళీ వాటిని దాని దగ్గర్నుంచి వరంగా తీసుకున్నట్టు మురిసిపోవడం నాకు వింతగా అనిపిస్తుంది.

బావి గట్టు మీద నిలబడి మా బ్రాంచిలో నాతో పనిచేసే అరకు అమ్మాయి గురించి ఆలోచించాను. వాళ్ళ ఇంటిపేరు కిల్లో. అంటే పులి వంశం. మన్యంలో కొర్రా వాళ్ళది సూర్యుడు, పాంగి వాళ్ళది గద్ద, వంతల వాళ్ళది పాము, గొల్లోరి వాళ్ళది కోతి. "నీకు పులి ధైర్యం వచ్చిందా మరి" అని ఒకసారి సరదాగా అడిగితే అదోలా చూసింది. "ధైర్యం సంగతి తెలీదు మేడం, కిల్లో వాళ్ళబ్బాయిని మాత్రం చేసుకోకూడదు. అన్నదమ్ములు అవుతారు" అంది. అంతే, ఫైలు తీసుకుని వెళ్ళిపోయింది.

టోటెమ్ అన్న మాట ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఆ ఉత్తర అమెరికా ఒజిబ్వే ప్రజల్లో కూడా సంగతి ఇంచుమించు ఇదే. మహా సరస్సుల చుట్టూ ఉండే ఆ జనంలో కొంగ వంశం, ఎలుగు వంశం, పిల్లిచేప వంశం ఉన్నాయి. అది తండ్రి నుంచి వస్తుంది. ఒకే వంశంలో పెళ్ళి కుదరదు. ఎంత దూరం ఊరు వెళ్ళినా అదే వంశం వాళ్ళు ఉంటే వాళ్ళు చుట్టాలే, ఆదరించాల్సిందే. ఇడ్లీలు ఉడికేలోపు దొరికేది కాదు. అది మనకి ఏం ఇస్తుందన్న ప్రశ్న చివర్లో ఎక్కడో ఉంటుంది. దాని కోసం మనం ఏం మానుకోవాలి, ఎవరికి ఏం బాకీ అన్నదే ముందు.

మనలో కూడా ఆ ఛాయ ఒకటి ఉంది, వరి కంకులు కుచ్చులుగా కట్టి గుడి చూరుకో ఇంటి వసారాలోనో పిచ్చుకలకి వేలాడదీయడం. పిచ్చుక మనకి ఏ గుణాన్ని ఇస్తుందని ఎవరూ అడగరు. కొత్త పంటలో దాని వాటా దానికి పెట్టేస్తారు. నేను ఓటు వేయాల్సి వస్తే ఆ కుచ్చుకే వేస్తాను.

"ఏటమ్మా, గూళ్ళు సూత్తన్నారా?" అంటూ కౌలు రైతు వచ్చాడు. ఆడపడుచు కోరిక చెప్పాను. కింద రాలినవి నాలుగైదు ఉన్నాయని గట్టు పక్క నుంచి ఏరి తెచ్చాడు. చూస్తే అన్నీ సగం గూళ్ళే, టోపీలు. ఆడపిట్టలు వచ్చి చూసి వద్దని పోయినవే అయి ఉండాలి. పెళ్ళికూతురు కాదన్న ఇల్లు తెచ్చి హాల్లో అదృష్టం కోసం కట్టుకుంటారన్నమాట! పైన ఉన్న నిండు గూళ్ళు కొట్టనా అన్నాడు. లోపల పిల్లలు అరుస్తుంటే ఎలా కొట్టమంటాను? వద్దన్నాను. సగం గూడు ఒకటి మాత్రం సంచిలో వేసుకున్నాను. ఆడపడుచుకి ఇచ్చేటప్పుడు దాని చరిత్ర అంతా చెప్పే ఇస్తాను, మనసులో మాట దాచుకోని గుణం ఉందట కదా నాకు.

అసలు పేచీ చెట్ల దగ్గర వచ్చింది. అతని మాట అబద్ధం కాదు. తాటి నీడ పడినంత మేర వరి బాగా ఎదగదు. పైగా గింజ పాలు పట్టే వేళకి ఈ పిట్టలే గుంపులుగా దిగి కంకులు నమిలేస్తాయి. పిల్లలకి పురుగులు తెచ్చి పెడతాయి, అది చేనుకి మంచిదే, కానీ ఆ మంచి ఎవరి లెక్కలోనూ కనపడదు. పోయిన గింజ మాత్రం కనపడుతుంది. కొట్టిస్తే దూలాలకి కాస్త డబ్బు కూడా వస్తుంది. మావారు దాదాపు ఒప్పేసుకున్నారు.

"ఈ చెట్లు ఉండనీయండి. మా వంశం వాళ్ళవి" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. మావారికి పొద్దున సంగతి తెలుసు కాబట్టి నవ్వారు. రైతు నవ్వలేదు. "అలాగైతే మీ వంశం వోళ్ళు తినీ గింజ ఎవరు కడతారమ్మా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. కాసేపు బేరం నడిచింది. అతను రెండు బస్తాలు తగ్గించమన్నాడు, మావారు అర బస్తాతో మొదలుపెట్టారు. ఒక బస్తా దగ్గర తెగింది. ఆ బస్తా ధర నా జీతంలోంచి ఇంటి ఖర్చుకి జమ చెయ్యాలని కారెక్కాక మావారి షరతు. వంశం నాది కదా మరి! ఒప్పుకున్నాను. ఏటా ఒప్పుకుంటానా అని అడిగితే మాత్రం జవాబు చెప్పలేదు, అనకాపల్లి బైపాస్ దగ్గర ట్రాఫిక్ జామ్‌లో అలాంటి వాగ్దానాలు చెయ్యకూడదు.

ఇంటికొచ్చి అక్క కూతురికి రాశాను: నీ టోటెమ్ నాకు ఒక బస్తా వడ్లు ఖర్చు తెచ్చింది, సగం నువ్వు పంపు అని. "అయ్యో పిన్నీ, నాకు గుడ్లగూబ వచ్చింది, గిజిగాళ్ళతో నాకేం సంబంధం" అని రిప్లై. రేపు బ్రాంచికి ఆడిటర్లు వస్తున్నారు. పెందలాడే పడుకోవాలి.