చిన్నమ్మ గీకిన కార్డు, దాని మీది నంబరు

మాది ధర్మాబాద్, నాందేడ్ జిల్లా చివర, రాష్ట్ర సరిహద్దు దాటితే బాసర. పోయిన నెల మా చిన్నమ్మకు పోస్టులో ఒక కవరు వచ్చింది. అందులో ఆమె పేరుతో ఉత్తరం, కారు బొమ్మలున్న కాగితం, ఒక గీకే కార్డు. రూపాయి బిళ్లతో వెండి పూత గీకితే కింద 12,80,000 రూపాయలు, మొదటి బహుమతి! ఫోన్ చేస్తే ముందు పన్ను కట్టాలన్నారట, 6,500 పంపేసింది. మిర్చి తొడిమలు తీసి కూడబెట్టుకున్న డబ్బు అది. నాకు చెప్పింది వారం తర్వాత.

"నంబర్ సుత ఉన్నది బిడ్డా, దొంగది ఎట్లయితది?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. చిన్నాయన బతికున్నప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వ లాటరీ టికెట్లు కొనేవాడు, 1969 నుంచి నడుస్తున్న లాటరీ అది. ఆ కాగితం టికెట్‌లో నంబరే ప్రాణం. ముందు టికెట్లు అమ్ముతారు, తర్వాత డ్రా తీస్తారు, మన సీరీస్, మన నంబరు పడితే తగిలినట్టు. చివరి నాలుగు అంకెలకు ఇచ్చే బహుమతి అయితే డ్రాలో తీసే ఒక్కో నంబరుకు మన టికెట్‌కు 10,000లో ఒక్క అవకాశం. చిన్నమ్మకు నంబరంటే ఇదే తెలుసు.

గీకే టికెట్ లెక్క దీనికి పూర్తిగా రివర్స్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1974లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, డ్రా అనేదే ఉండదు, ఏ టికెట్‌కు ఎంత అన్నది ప్రెస్సులో అచ్చు వేసేటప్పుడే అయిపోతుంది. మొత్తం ఇన్ని టికెట్లు, వాటిలో పెద్ద బహుమతులు ఇన్ని, చిన్నవి ఇన్ని అని ముందే ఖాయం చేస్తారు. పైకి కనిపించే నంబరులో మూడు ముక్కలుంటాయి: ఏ ఆట, ఏ కట్ట, ఆ కట్టలో ఎన్నో టికెట్. 30 టికెట్ల కట్ట అయితే 000 నుంచి 029 దాకా. ఈ నంబరు సరుకు లెక్క కోసం, ఏ కట్ట ఏ షాపుకు పోయింది, ఎక్కడ మాయమైంది, దొంగిలించినదైతే డబ్బులివ్వకుండా ఆపడానికి. గెలుపు సంగతి చెప్పేది పూత కింద దాగిన ఇంకో కోడు. దాన్ని కంప్యూటర్లో చూసి ఖాయం చేసుకుంటేనే డబ్బులిస్తారు.

చిన్న బహుమతులను మాత్రం కట్టకు ఇన్ని అని దాదాపు సమంగా సర్దుతారు, కట్ట మొత్తం ఖాళీగా పోతే మళ్లీ ఎవరూ కొనరు కదా. వాటిలో చాలావరకు టికెట్ ధరంతే వస్తుంది, అంటే పెట్టిన డబ్బే వెనక్కి, అయినా దాన్ని గెలుపు కిందే లెక్కేస్తారు. నాకు ఇది అన్యాయం అనిపిస్తుంది. పెద్దవి ఏ కట్టలో పడ్డాయో షాపువాడికి తెలిసే వీలు లేదు.

ఒకసారి మాత్రం ఇలాంటి గుట్టు బయటపడింది. 2003లో టొరంటోలో మోహన్ శ్రీవాస్తవ అనే గణాంక నిపుణుడు ఒక టికెట్ మీద పైకి కనిపించే అంకెల్లో ఒక్కసారే వచ్చినవి గుర్తుపట్టాడు, అవి మూడు ఒకే వరసలో ఉంటే ఆ టికెట్ దాదాపు గెలిచినట్టే. గీకకుండా 20 టికెట్లు వేరుచేసి లాటరీ వాళ్లకే పంపితే 19 సరిగ్గా తేలాయి. ఆ ఆటను ఆపేశారు.

ఇదంతా చిన్నమ్మకు మెల్లగా చెప్పాను. మన దగ్గర 1998 చట్టం ప్రకారం లాటరీ రాష్ట్ర ప్రభుత్వమే నడపాలి, టికెట్ మీద ప్రభుత్వ గుర్తు ఉండాలి, నగదు బహుమతి 10,000 దాటితే 30 శాతం పన్ను వాళ్లే కోసుకుని మిగతాది ఇస్తారు, ముందు కట్టమని అడగరు అని కూడా చెప్పాను. విన్నది గానీ ముఖంలో నమ్మకం రాలేదు.

మొన్న ఆదివారం వెనక వీధి వదిన ఇంకో కవరు పట్టుకొచ్చింది. అదే కారు బొమ్మ. చిన్నమ్మ తన కార్డు తెచ్చి పక్కన పెట్టి, ఆమె కార్డు తనే గోరుతో గీకింది. వెండి పొట్టు చాప మీద రాలింది. 12,80,000. మొదటి బహుమతి. నంబర్లు మాత్రం వేరు.

చాలాసేపు రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, "1930కి ఫోన్ కలుపు బిడ్డా" అంది. అది సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరు. ఫిర్యాదు నమోదైంది, డబ్బులు ఇంకా రాలేదు.