పైకి ఎక్కే నీటిచుక్కలు: నా అనుభవం

చీకటి గదిలో సన్నటి నీటిధార. పక్కనున్న నాబ్ తిప్పితే చుక్కలు గాలిలో ఆగిపోతాయి, ఇంకాస్త తిప్పితే వచ్చిన దారినే పైకి ఎక్కుతాయి. ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎప్పుడో స్ట్రోబ్ లైటుతో, అంటే వెంటవెంటనే మెరిసే లైటుతో, చేసి చూపించాడు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక హాల్లో రెండు రోజుల ప్రదర్శనకి మేం దీన్ని కట్టాం.

సెకనుకు 60 చుక్కలు పడుతుంటే, లైటు కూడా సెకనుకు 60 సార్లు మెరిసిందనుకోండి. మెరిసిన ప్రతిసారీ, ముందు చుక్క ఉన్న చోటికి తరవాతి చుక్క వచ్చి ఉంటుంది. మధ్యలో చీకట్లో జరిగింది కంటికి అందదు. మెరుపుల్ని కూడా అంత వేగంలో కన్ను విడదీయలేదు. అందుకే ఒకే చుక్క వేలాడుతున్నట్టుంటుంది. లైటుని 60.5కి పెంచితే చుక్క తన చోటికి చేరకముందే మెరుపు వచ్చేస్తుంది కాబట్టి పైకి పాకినట్టు కనిపిస్తుంది. 59.5 అయితే తీరిగ్గా కిందికి జారుతుంది. అర హెర్ట్జ్ (హెర్ట్జ్ అంటే సెకనుకు ఒకసారి) తేడాకే ఇంత జరుగుతుంది. కష్టమంతా అక్కడే.

మొదట అక్వేరియంలో గాలి కొట్టే ఏరేటర్‌కి నీళ్ల ట్యూబు కట్టాం. దానిలోని మాగ్నెట్ కరెంటుతో పాటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, లైటుని ఆర్డుయినోతో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) 50కి పెట్టాం. చుక్కలు ఒక నిమిషం పైకి, ఒక నిమిషం కిందికి. ప్రోగ్రామ్‌లో తప్పుందని రెండ్రోజులు వెతికాం. తప్పు అక్కడ లేదు. కరెంటే సరిగ్గా 50 దగ్గర నిలవదు, మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీకి అనుమతించిన పరిధే 49.90 నుంచి 50.05. కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే చుక్కలు కిందికి పరుగో పరుగు. చుక్కని కొట్టేదీ, లైటుని వెలిగించేదీ ఒకే గడియారం కావాలి. వేరే దారి లేదు.

అందుకని ఏరేటర్ తీసేసి 6 అంగుళాల పాత స్పీకర్ పెట్టాం. ఎస్.పి. రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌వి దొరుకుతాయి. 6 మి.మీ. సిలికాన్ ట్యూబుని కోన్ మధ్యలో హాట్ గ్లూతో అంటించి, చిన్న యాంప్లిఫయర్‌తో 60 హెర్ట్జ్ ఇచ్చాం. ఆర్డుయినోలో సిద్ధంగా ఉండే టోన్ ఫంక్షన్ పనికిరాదు, అది పూర్ణసంఖ్యలే తీసుకుంటుంది, 60.5 ఇవ్వలేం. సెకనుకు 20,000 సార్లు నడిచే ఒకే టైమర్ ఇంటరప్ట్ (బోర్డు గడియారం పిలిచినప్పుడల్లా నడిచే కోడ్ ముక్క) పెట్టుకుని, అందులో రెండు 32 బిట్ కౌంటర్లు నడపండి: ఒకటి స్పీకర్‌కి, ఒకటి లైటుకి. నాబ్ మార్చేది లైటు కౌంటర్‌నే, అదీ 58 నుంచి 62 వరకే. నాబ్ రీడింగులు పదహారింటిని సగటు తీయకపోతే చుక్కలకి చలిజ్వరం వచ్చినట్టుంటుంది.

నీళ్లు పంపు నుంచి నేరుగా ఇవ్వకండి. డయాఫ్రమ్ పంపుకి దాని కుదుపు దానికుంటుంది, స్పీకర్ కుదుపుతో అది గొడవపడుతుంది. పైన ఒక బకెట్, దానికి ఓవర్‌ఫ్లో పైపు, కింద టబ్బులో 12 వోల్టుల పంపు. బకెట్లో మట్టం మారకపోతే ధార మారదు. నాజిల్ రంధ్రం 4 మి.మీ. ధార తనంతట తాను తెగేటప్పుడు చుక్కల మధ్య దూరం రంధ్రానికి సుమారు నాలుగున్నర రెట్లు, అంటే 18 మి.మీ. ఉంటుంది. మనం కోరే ఎడం దానికి దగ్గరగా ఉంటేనే చుక్కలు శుభ్రంగా విడిపోతాయి. నిమిషానికి 900 మి.లీ. వచ్చేలా వాల్వు తిప్పితే వేగం సెకనుకు 1.2 మీటర్లు, ఎడం 20 మి.మీ. ఒక మగ్గూ, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. కిందికి పోయేకొద్దీ ఎడం పెరుగుతుంది, 30 సెం.మీ. దిగేసరికి 45 మి.మీ. అవుతుంది. అది భూమ్యాకర్షణ, సరిచేయాలని చూడకండి.

ఇక లైటు. మెరుపు పొడవు 0.4 మిల్లీసెకను. ఒక మిల్లీసెకను పెడితే కింది చుక్కలు తోకలు లాగుతాయి. కానీ 0.4 అంటే లైటు వెలిగేది మొత్తం సమయంలో 2.4 శాతమే. అందుకే 5 మీటర్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ మొత్తాన్నీ ధారకి రెండు పక్కలా నిలువుగా చుట్టాం, రెండు కొసల నుంచీ కరెంటు ఇచ్చాం. వెనక చిక్కపేటలో కొన్న నల్లగుడ్డ. ఆర్డుయినో సైగకి స్ట్రిప్‌ని వెలిగించి ఆర్పే స్విచ్చు మాస్‌ఫెట్. అది ఐ.ఆర్.ఎల్.జెడ్. 44ఎన్ తీసుకోండి. షాపులో "ఐ.ఆర్.ఎఫ్. 540 కూడా అదే సార్" అంటారు, కాదు. గేటుకి, అంటే సైగ అందుకునే కాలికి, 5 వోల్టులే ఇస్తే 540 పూర్తిగా తెరుచుకుంటుందన్న హామీ లేదు. గేటు నుంచి గ్రౌండుకి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ మరవద్దు, లేకపోతే బోర్డు రీసెట్ అయినప్పుడల్లా లైటు పిచ్చిగా కొట్టుకుంటుంది.

లైటు అలా కొట్టుకుంటే చూడ్డానికి బాగోకపోవడం ఒక్కటే కాదు. మెరుపులకి మూర్ఛ వచ్చేవాళ్లకి 3 నుంచి 30 హెర్ట్జ్ ఎక్కువ ప్రమాదం, కొందరికి 60 దాకా. లైటు వేగం తగ్గిస్తే ఇంకా నాటకీయంగా ఉంటుందని అడిగేవాళ్లుంటారు. మేం ఒప్పుకోలేదు. గుమ్మం బయటే తెలుగు, కన్నడ, ఇంగ్లీషుల్లో హెచ్చరిక రాసి, ఒక మనిషిని కూర్చోబెట్టాం. స్ట్రిప్పులు నేరుగా కళ్లబడకుండా అట్టలు అడ్డుపెట్టాం, ఎందుకంటే మినుకు చూపు అంచుల్లో ఎక్కువగా తెలుస్తుంది. తడిచేతులతో జనం తిరిగే చోటు కాబట్టి 230 వోల్టులు వచ్చే లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉండాల్సిందే.

జనం మేం అనుకున్నట్టు చుక్కల దగ్గర ఆగలేదు. ధార ముందు చెయ్యి ఊపారు. ఒక్కో వేలూ అయిదారుగా విడిపోయి విసనకర్రలా కనిపిస్తుంది. తరవాత వేలాడుతున్న చుక్కని పట్టుకోబోతారు. వేలు తగిలీ తగలకముందే ధార మణికట్టు దాకా తడిపేస్తుంది. "అన్నా, ఇది ఆగలేదు!" అని ఒక పిల్లాడు చెయ్యి వెనక్కి లాక్కుని, మళ్లీ పెట్టి చూశాడు. అందుకే ధారని పిల్లల భుజం ఎత్తులో, అందుబాటులో ఉంచండి. అద్దం అడ్డం పెడితే సగం సరదా పోతుంది.

బోరు నీళ్లు వద్దు. సున్నం నాజిల్ అంచున పేరుకుని రెండో పూటకే ధార పక్కకి వాలింది. 20 లీటర్ల క్యాన్ నీళ్లు పోసి, నాజిల్‌ని రాత్రి వెనిగర్‌లో వేశాం. టబ్బులో కూలర్ గడ్డి పరిస్తే చిందదు, చప్పుడూ రాదు. రాత్రి టబ్బు ఖాళీ చేసి బోర్లించి వెళ్లండి, దోమలుంటాయి.