సంతకం కమిషనర్‌ది, ఫైలు సెక్షన్‌ది

హైదరాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వ శాఖతో కలిసి పనిచేయబోతోందంటే ముందుగా బయటికొచ్చేది ఫొటో. శాలువా, పూలబొకే, మధ్యలో ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం. ఆ ఫొటోలో ఉన్నవాళ్లెవరూ మర్నాటి నుంచి ఆ పని నడపరు. నడిపేది ఫైలు పుటప్ చేసే జూనియర్ అసిస్టెంట్, దాని మీద కొర్రీ వేసే సూపరింటెండెంట్, బిల్లు చూసే అకౌంట్స్ వాళ్లు, బస్తీల్లో తిరిగే సంస్థ ఫీల్డ్ స్టాఫ్. వీళ్ల మధ్య పొసగకపోతే పైన ఎంత స్నేహం ఉన్నా పని ఆరు నెలల్లో నీరుగారిపోతుంది.

ఫైళ్లు నడిపే ఆఫీసు సెక్షన్‌లో ఎప్పుడూ వినిపించే ప్రశ్న ‘రేపు ఆడిట్ అడిగితే ఏ కాగితం చూపించాలి?’ సంస్థ వాళ్లు అడిగేది ‘ఇవాళ ఆ మనిషికి పనయిందా?’ రెండూ న్యాయమైన ప్రశ్నలే. కాగితం అడిగే గుమాస్తాని అడ్డుపుల్లగా చూడటం సంస్థల్లో బాగా పాతుకుపోయిన అలవాటు, అది మానుకోవాలి. ఎప్పుడో పాస్ చేసిన బిల్లుకి రిటైరయ్యే ముందు రికవరీ నోటీసు వస్తుందన్న భయం ఆయనకి నిజంగా ఉంటుంది. పైగా ఆడిట్ ఆయనతో ఆగదు. ఏడాదికి 25 లక్షలకు తగ్గకుండా ప్రభుత్వ గ్రాంటు తీసుకుని, అది మొత్తం ఖర్చులో 75 శాతానికి తగ్గకపోతే, 1971 నాటి కాగ్ చట్టం సెక్షన్ 14 కింద సంస్థ లెక్కలూ కాగ్ పరిధిలోకి వస్తాయి. ప్రభుత్వ నిధులతోనే గణనీయంగా నడిచే సంస్థలు ఆర్‌టీఐ కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అంటే ఆ గుమాస్తా అడిగే వోచరే రేపు సంస్థనీ కాపాడుతుంది.

ఈ రెండు పద్ధతులు ఎక్కడ తక్కువగా ఒరుసుకుంటాయో చూస్తే ఒక విషయం తెలుస్తుంది. 2014లో జీహెచ్‌ఎంసీ, హరేకృష్ణ మూవ్‌మెంట్ కలిసి మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనంలో లెక్క ప్లేటుది. 2005 ఆగస్టు 15న ఇక్కడే మొదలైన 108లో లెక్క వాహనానిది, కాల్‌ది. లెక్కపెట్టగలిగేది ఉన్నచోట ఇద్దరూ ఒకే అంకె చూస్తారు. బడి మానేసిన పిల్లని తిరిగి బడికి తేవడం, ఫుట్‌పాత్ మీది మనిషిని షెల్టర్‌లో నిలపడం లాంటి పనుల్లో ఆ సదుపాయం లేదు. గొడవలన్నీ అక్కడే.

నైట్ షెల్టర్‌నే తీసుకోండి. నగరంలో వీటి వ్యవహారం యూసీడీ విభాగం చూస్తుంది. అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అనే ఆ పని హైదరాబాద్‌లో 1967లోనే మొదలైంది, కాబట్టి బస్తీ వాళ్లతో కలిసి పనిచేయడం మన మున్సిపాలిటీకి కొత్తేమీ కాదు. ఎన్‌యూఎల్‌ఎం (జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్) మార్గదర్శకాల్లో 50 మంది పట్టే షెల్టర్ నిర్వహణకి ఏడాదికి 6 లక్షలు, ఒక మేనేజరు, ఎనిమిదేసి గంటల షిఫ్టుల్లో ముగ్గురు కేర్‌టేకర్లు అని రాశారు. నెలకి 50 వేలన్నమాట. అందులో నలుగురి జీతాలు పోగా దుప్పట్ల ఉతుకుకి, ఫినాయిల్‌కి, పంపు రిపేరుకి మిగిలేది కొంచెమే.

ఇక రాత్రి రిజిస్టరు. పేరు, వయసు, ఆధార్ నంబరు, సంతకం అని గళ్లుంటాయి. పదిన్నరకి ఒకాయన వస్తాడు. ఆధార్ లేదు, పేరు నిన్న ఒకటి చెప్పాడు, ఇవాళ ఇంకొకటి. బయట వాన. కేర్‌టేకర్ లోపలికి రానిస్తాడు, రిజిస్టర్లో ఎక్కించడు. పదకొండుకి తనిఖీకి వచ్చిన అధికారికి పుస్తకంలో 32 మంది, చాపల మీద 38 మంది కనిపిస్తారు. మర్నాడు మెమో. కేర్‌టేకర్ చేసిన పని మంచిదే, అధికారి అనుమానమూ సబబే. తప్పు రిజిస్టరుది. మొదటి నెలలోనే మూడు మార్పులు చేయించుకుంటే ఇది రాదు. ‘గుర్తింపు పత్రం లేదు’ అని వేరే గడి, పక్కన పడక నంబరు, వచ్చిన టైము, కేర్‌టేకర్ పొట్టి సంతకం. తలల లెక్క సాయంత్రం ఏడుకి కాకుండా రాత్రి పదకొండుకి తీయాలన్న నియమం. గుర్తింపు లేనివాళ్లనీ ఉంచుకోవచ్చని శాఖ నుంచి ఒక మెమో, దాని జిరాక్సు గోడ మీద. మూడోది నోటిమాటగా సరిపోదు, ఆర్‌సీ నంబరుతో, అంటే ఫైలు నంబరుతో రావాలి.

డబ్బు సంగతికి వస్తే, చాలా ఒప్పందాల్లో ముందు ఖర్చుపెట్టి తర్వాత బిల్లు పెట్టుకోవాలి. బిల్లుకి టోకెన్ పడటం వేరు, డబ్బు పడటం వేరు. కనీసం నాలుగు నెలల జీతాలు చేతిలో లేకుండా ఇలాంటి పని ఒప్పుకోకూడదని నా అభిప్రాయం. ఆ నాలుగు నెలలకి విదేశీ విరాళాన్ని చూసుకుందామనుకుంటే చిక్కే. ఆ డబ్బు ఇచ్చిన ప్రయోజనానికే వాడాలి, విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధి) దాతతో ముందే మాట్లాడుకోవాలి, లేదా సొంత కార్పస్ (మూలనిధి) చూసుకోవాలి. మార్చి 31కి బడ్జెట్ మురిగిపోతుంది కాబట్టి ఫిబ్రవరి మూడో వారానికల్లా బిల్లులు లోపల ఉండాలి. కేంద్ర గ్రాంటయితే వినియోగ ధ్రువపత్రం జీఎఫ్‌ఆర్ (కేంద్ర ఆర్థిక నియమావళి) 12-ఎ నమూనాలో ఇవ్వాలి. గ్రాంటు మీద వచ్చిన బ్యాంకు వడ్డీ కూడా ప్రభుత్వానిదే, తిరిగి కట్టాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు, తర్వాతి విడత అక్కడే ఆగుతుంది.

బదిలీలు తప్పవు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే కొత్త పనులూ ఆగుతాయి. అందుకే ఎంఓయూలో నోడల్ అధికారి (శాఖ తరఫున ఆ పని చూసే అధికారి) పేరు రాయకూడదు, హోదా రాయాలి. ఎంఓయూ ఒక్కటే ఉంటే సర్కిల్ ఆఫీసులో ‘మాకేం ఆర్డర్ రాలేదు’ అంటారు, అది అబద్ధమేమీ కాదు. హెడ్డాఫీసు నుంచి ప్రొసీడింగ్స్ (రాతపూర్వక ఉత్తర్వు), ప్రతి డిప్యూటీ కమిషనర్‌కి కాపీ, ఇన్‌వార్డులో పడ్డ తేదీ. ఈ మూడూ చేతిలో ఉంటేనే పని మొదలైనట్టు. కొత్త అధికారి వచ్చిన వారంలోనే రెండు పేజీల నోటుతో కలవాలి. అందులో పోయిన నెల మినిట్స్, పెండింగులో ఉన్న అంశాలు ఉంటే చాలు. అడగాల్సినవి రెండోసారి అడగొచ్చు.

నెలవారీ సమీక్షలో సంస్థ వాళ్లు ముప్పై స్లయిడ్లు, పిల్లల నవ్వుల ఫొటోలు చూపిస్తారు. అధికారి సర్కిల్ వారీ అబ్‌స్ట్రాక్ట్ (అంకెల సారాంశం) అడుగుతారు, అది ఉండదు. ఒక్క పేజీ పట్టిక తీసుకెళ్లండి. అంశం, ఎవరు చేయాలి, ఎప్పటికి, ఎక్కడ ఆగింది. మీటింగయిన రెండో రోజుకి మినిట్స్ డ్రాఫ్టు మీరే రాసి సెక్షన్‌కి ఇవ్వండి, జారీ మాత్రం శాఖే చేయాలి. కింది అధికారి మీద ఫిర్యాదు ఉంటే ముందు ఆయనకే చెప్పాలి. కలెక్టర్ ముందు మొదటిసారి వినిపిస్తే ఆ సర్కిల్లో మీకు మళ్లీ తలుపు తెరుచుకోదు. ఒక్క విషయంలో ఈ మర్యాద పనికిరాదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం వెంటనే పోలీసులకి చెప్పాల్సిందే, పై అధికారి అనుమతి కోసం ఆగకూడదు.

కింది స్థాయిలో అసలు సమస్య గౌరవం. ట్యాబ్ పట్టుకుని వచ్చిన డిగ్రీ కుర్రాడిని అంగన్‌వాడీ టీచరమ్మ తనమీద నిఘాగా చూస్తుంది. ఆమె పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించిన బరువులే అతను మళ్లీ అడుగుతాడు. ఆమె రిజిస్టరునే మూలంగా తీసుకుని, పదిమందిలో ఒకరి బరువు మాత్రం ఇద్దరూ కలిసి తూచి సరిచూసుకుంటే రెండుసార్ల రాత తప్పుతుంది, అనుమానమూ తగ్గుతుంది. రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల కోసం శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ చేసింది ఈ దారిలోనే. పిల్లల్ని బ్రిడ్జి కోర్సుల మీదుగా సర్కారు బడికే పంపారు. ప్రభుత్వ టీచర్లే ఆ పని తమదనుకుని ఒక వేదికగా ఏర్పడ్డారు.

పని ముగించే తీరు కూడా ఎంఓయూలోనే ఉండాలి, మూడు నెలల నోటీసుతో. మంచాలు, ఫ్యాన్లు, కంప్యూటరు ఎవరి డబ్బుతో కొన్నారో స్టాకు రిజిస్టర్లో మొదటి రోజు నుంచే వేరువేరుగా రాసుకోవాలి. లబ్ధిదారుల డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఏది చెరిపేయాలి అన్నదీ రాతపూర్వకంగా తేలాలి. చివరి బిల్లు అందేదాకా సెక్యూరిటీ డిపాజిట్ రాదు, ‘నో డ్యూస్’ (బాకీలేమీ లేవన్న పత్రం) లేనిదే చివరి బిల్లు పాస్ కాదు. కాబట్టి ఆఖరి నెల జీతాలు, అద్దె, కరెంటు బిల్లుల రసీదులు కట్టగట్టి, రెండు సెట్లు జిరాక్సు తీసి, ఒకదాని మీద సెక్షన్ స్టాంపు వేయించుకున్నాకే తాళాలు అప్పజెప్పండి.