ఎఫ్ దగ్గర ఆగిన గాజులు

శ్రావణ మాసం, ఆదివారం.

మధ్యాహ్నం భోజనాలు ముగిసి ఇంట్లో అందరూ నడుం వాల్చిన తరువాత, వెనుక గది తలుపులు మూసి, ఫ్యాను ఆపి, పుస్తకాల దొంతరకు ఫోనును ఆనించి, ఈ వారం పాటను రికార్డు చేయడానికి కూర్చున్నాను. ఈ రోజుల్లో విజయవాడలో ఫ్యాను ఆపడమంటే ఏమిటో ఇక్కడివారికి వేరుగా చెప్పనవసరం లేదు. రెండు నిమిషాలకే ముంజేయి గిటారు అంచుకు అతుక్కుంటుంది, తీగల మీద వేళ్లు జారుతాయి. అయినా ఫ్యాను తిరుగుతుంటే రికార్డింగులో ఆ హోరు తప్ప మరొకటి వినిపించదని మొదటి నెలలోనే తెలిసివచ్చింది కనుక వేరే దారి లేదు. మా సత్యనారాయణపురంలో ఒకప్పుడున్న రైలు పట్టాలను తీసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశాక రైలు కూతల బాధ తప్పింది గాని, పాత సామాన్లు కొనేవారి మైకు బాధ మాత్రం మిగిలింది. మొదటి టేకు, అంటే మొదటిసారి రికార్డు చేసినది, దానికే బలైపోయింది.

మేము తొమ్మిది మందిమి. ఎవరమూ గురువు ఎదుట కూర్చుని నేర్చుకున్నవాళ్లం కాము. వారానికి ఒక పాటను వచ్చినంత మటుకు వాయించి, కోతలూ అతుకులూ లేకుండా, ఫోనులో ఒకరికొకరం పంపుకుంటాము. ఇంట్లోవారికి వినిపిస్తే "భలే ఉందే" అంటారు, అక్కడితో ఆ ముచ్చట ముగుస్తుంది. మా తొమ్మిది మందిలోని మిగిలినవారు మాత్రం రెండో చరణంలో మూడో తీగ సరిగా మోగలేదని కూడా పట్టుకుంటారు. నాకు కావలసింది ఆ రెండో రకం వినికిడే అయినా, పంపిన ప్రతిసారీ మొదటి రకం మాట కోసమే మనసు ఎదురుచూస్తుందన్నది ఇక్కడ దాచవలసిన పని లేదు.

ఈసారి ఎంచుకున్నది మోహన రాగంలోని ఒక పాత సినిమా పాట. చిన్నప్పుడు మా నాన్నగారు ప్రతి ఉదయం విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి వచ్చే భక్తిరంజనిని పెద్ద శబ్దంతో పెట్టేవారు కనుక, మోహన నా చెవికి ఎప్పటినుంచో పరిచయమే, చేతికే కొత్త. నా గొంతుకు సరిపడేలా కాపోను, అంటే తీగలన్నిటినీ కలిపి అదిమి శ్రుతిని పెంచే పట్టీని, గిటారు రెండో మెట్టు మీద బిగించి, సీ, ఏ మైనర్, ఎఫ్, జీ అనే కార్డులతో (కలిపి మోగించే స్వరాల గుంపులతో) నడిపించుకున్నాను. వీటిలో సీ అంటే సగప, ఏ మైనర్ అంటే దసగ. ఈ రెండూ అచ్చంగా మోహన స్వరాలే. ఎఫ్‌లో మధ్యమం, జీలో నిషాదం దూరుతాయి, అవి రెండూ మోహనలో లేవు. సంప్రదాయం తెలిసినవారు నొసలు చిట్లిస్తారేమో గాని, పాడే వరుస రాగం దాటనంత కాలం ఆ కార్డులు వెనుక ఉండి పాటను మోయడంలో నాకు తప్పేమీ కనిపించదు.

ఇక గాజుల సంగతి. మొన్న శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. బీసెంట్ రోడ్డులో కొన్న కొత్త మట్టిగాజులు కుడి చేతికి ఆరు ఉన్నాయి, వాటి పక్కనే తోరం. తీగలను మీటేది ఆ చేయే కావడంతో, చేయి కిందికి పైకి ఆడిన ప్రతిసారీ అవి గలగలమంటున్నాయి. తీసి పక్కన పెడదామని చూస్తే అత్తయ్యగారు గుమ్మంలోంచే, "శ్రావణ మాసంలో వట్టి చేతులేమిటమ్మా?" అన్నారు. మోచేతి వైపు నెట్టి రుమాలు కట్టాను. చెమటకు రుమాలు జారింది, గాజులు మళ్లీ మణికట్టుకు చేరాయి. రెండో టేకూ పోయింది. మూడోది చివరిదాకా వచ్చింది కనుక, గాజులతో సహా దానినే పంపించాను.

తెనాలిలో నర్సింగు చదువుతున్న అమ్మాయి అందరికంటే ముందు, "అక్కా, వెనకాల ఎవరైనా గజ్జెలు కట్టుకున్నారా?" అని అడిగింది. నవ్వుకున్నాను. తరువాత గుంటూరు నుంచి, లెక్కల ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసి మేమందరమూ మాస్టారు అని పిలుచుకునే పెద్దాయన, మాటల్లోనే జవాబు పంపారు. "అమ్మా, పాటను పక్కన పెట్టి ఒక్కసారి గాజులను మాత్రమే వినండి. ఎఫ్ వచ్చేముందు అవి ఆగిపోతున్నాయి. గాజులు ఆగాయంటే కుడి చేయి ఆగిందన్నమాట" అన్నారు.

నిజం చెప్పాలంటే కాసేపు కినుక కలిగింది. అంత ఉక్కపోతలో కూర్చుని వాయిస్తే ఈయనకు దొరికింది ఇదేనా అనుకున్నాను. తరువాత చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పెన్సిలుతో కాగితం మీద గీతలు పెడుతూ విన్నాను. పాటలో ఎఫ్ ఎనిమిది సార్లు వస్తుంది. ఆరు సార్లు గాజులు ఆగాయి. చూపుడువేలిని అడ్డంగా పరచి ఆరు తీగలనూ ఒకేసారి అదిమిపట్టవలసిన కార్డు అది. ఎడమ చేయి ఆ పట్టు కుదుర్చుకునే లోపు, కుడి చేయి పెద్దవారు కూర్చునేదాకా నిలబడే కోడలిలా మర్యాదగా ఆగి చూస్తోంది. ఆ ఆగడం లిప్తపాటే. వాయిస్తున్నప్పుడు నా తల కూడా దానితోపాటే ఆగుతోంది కాబట్టి నాకు తెలియలేదు, ఇన్ని వారాలుగా తెలియలేదు. గాజులు లేని పాత రికార్డింగులను ఇప్పుడు వింటే వాటిలోనూ అదే లోపం ఉంది. తీగల మోత సాగుతూ ఉండటం వల్ల మరుగున పడిపోయింది.

ఎఫ్ బదులు ఏ మైనర్ వేసుకుంటే ఈ బాధ ఉండదు. మోహనలో మధ్యమం లేదు కదా అన్న గంభీరమైన సాకు కూడా చేతిలో ఉంది. వేసి చూశాను, అనుపల్లవి చివర పైకి లేవవలసిన వరుస చతికిలబడిపోయింది. సాకును వదిలేశాను.

సాయంత్రం ఫ్యాను వేసుకుని, ఫోనును దూరంగా పెట్టి, తాళం కొట్టి చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు తగ్గించి, మాస్టారు చెప్పిన పద్ధతిలో కూర్చున్నాను. ఎడమ చేయి పట్టు కుదిరినా కుదరకపోయినా, ఉత్త తీగలు మోగినా, గరగరమన్నా, కుడి చేయి మాత్రం ఆగకూడదు. మొదటి పది నిమిషాలు వినడానికి ఘోరంగా ఉంది. అత్తయ్యగారు వచ్చి, "మధ్యాహ్నం పాటలా ఉండేది, ఇదేమిటి రోట్లో పప్పు రుబ్బినట్టు?" అన్నారు. ఆ మాటలో పొగడ్త ఉందని ఆవిడకు తెలియదు. రుబ్బురోట్లో పొత్రం ఆగకుండా తిరుగుతుంది. అరగంటకు ఎనిమిదింటిలో నాలుగు చోట్ల గాజులు ఆగకుండా మోగాయి, వాటిలో రెండు సార్లు ఎఫ్ కూడా పలికింది.

రాత్రి తొమ్మిదిన్నరకు తెనాలి అమ్మాయి తన పాట పంపింది. గదిలో మిగిలినవారు నిద్రపోతారని బొటనవేలితో మెల్లగా, దాదాపు రహస్యంగా వాయించింది. చెవి మొదట కుడి చేతి కోసమే వెతికింది గాని, ఆ నెమ్మదిలో ఎక్కడ ఆగుతోందో మూడు సార్లు విన్నా అంతుబట్టలేదు. చివరకు, "వచ్చే వారం నాలుగు గాజులు వేసుకుని వాయించి చూడు తల్లీ" అని రాశాను.

"డ్యూటీలో గాజులు వేసుకోనివ్వరక్కా, నా దగ్గర అవి లేనే లేవు. హాస్టలు గది తాళాల గుత్తి మణికట్టుకు కట్టుకుంటాను" అని జవాబు వచ్చింది.