నందాయ్‌మోన్ నమూనా: ఐదో నెలలో స్తంభాలు బిగిశాయి

జపాన్‌లోని నారా నగరంలో ఉన్న తోదాయ్‌జీ ఆలయపు దక్షిణ మహాద్వారానికి, అంటే నందాయ్‌మోన్‌కు, యాభయ్యో వంతు చెక్క నమూనా చేయడం మొదలుపెట్టి ఇది ఐదో నెల. అసలు ద్వారం ఎత్తు 25.46 మీటర్లు కనుక నమూనా సుమారు 51 సెంటీమీటర్లు వస్తుంది. సుమారు 21 మీటర్ల పొడవుండే ఆ స్తంభాలు నా బల్ల మీద 42 సెంటీమీటర్ల టేకు కడ్డీలయ్యాయి. వరుసకు ఆరు చొప్పున మూడు వరుసలు, మొత్తం 18.

1180లో యుద్ధంలో తోదాయ్‌జీ కాలిపోయిన తరువాత పునర్నిర్మాణ భారాన్ని తలకెత్తుకున్న చోగెన్ అనే భిక్షువు 1199లో ఈ ద్వారాన్ని నిలబెట్టించాడు. దైబుత్సుయో అనే ఈ శైలిలో స్తంభాలు కింది కప్పును దాటి పై కప్పు దాకా ఏకంగా సాగుతాయి. ‘నుకి’ అనే అడ్డదూలాలు వాటి నడుముల్లోంచి దూసుకుపోయి అన్నిటినీ ఒకే చట్రంగా పట్టి ఉంచుతాయి. చూరును మోసే చేతులు కూడా స్తంభం తల మీద కూర్చోవు, దాని ఒంట్లోకే దిగబడతాయి. దూలాలకూ చేతులకూ వీలైనంతవరకు ఒకే కొలత కలపను వాడటం చోగెన్ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. దానివల్ల నేను కూడా రంపానికి ఒక్కసారి అడ్డు బిగించి, 4 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. ఎత్తు గల పట్టీలన్నీ ఒకే రోజులో కోసుకోగలిగాను.

బెజ్జాల దగ్గర మాత్రం రెండు నెలలు పట్టింది. గుండ్రటి కడ్డీ డ్రిల్లు కింద దొర్లిపోతుంది కాబట్టి, ఒక చెక్కలో కోణపు గాడి తీసి, కడ్డీని అందులో పడుకోబెట్టి, పొడవునా గీసిన గీత సరిగ్గా పైకి వచ్చేలా చివర స్క్రూతో బిగించాను. ఒకే వైపు నుంచి తొలిస్తే అవతలి అంచు పెచ్చులూడుతోంది. అందుకని రెండు వైపుల నుంచీ సగం సగం తొలిచి, మూలలను 3 మి.మీ. ఉలితో చదును చేశాను.

మొదట బెజ్జాన్ని కూడా పట్టీ కొలతకే, సరిగ్గా 6 మి.మీ. ఎత్తున తీశాను. ఎండాకాలంలో పట్టీలు సులువుగా జారాయి కానీ వానలు మొదలయ్యాక కలప ఉబ్బి, మూడో స్తంభం దగ్గరే ఆగిపోయాయి. కొయ్యసుత్తితో కొట్టినందుకు రెండు స్తంభాలు నారవెంట నిలువునా చీలిపోయాయి. ఆ తరువాత నుకి కట్టే పద్ధతిని మళ్లీ శ్రద్ధగా చదివితే, దూలం పైన ‘కుసబి’ అనే చీల కొట్టడానికి బెజ్జంలో చోటు వదులుతారని తెలిసింది. ఇప్పుడు బెజ్జం ఎత్తు 7 మి.మీ.; దూలాన్ని వదులుగా దూర్చి, ఒక కొస పలచగా చెక్కిన చీలలను దాని పైన రెండు వైపుల నుంచీ కొడుతున్నాను. చీల బిగిసే క్షణంలో మొద్దుగా ఉన్న శబ్దం ఒక్కసారిగా ఖంగుమంటుంది, అక్కడితో సుత్తి ఆపాలి.

జిగురు చుక్క కూడా వాడకుండా 18 స్తంభాలూ నిలబడ్డాయి. పై అంచు పట్టి ఊపితే చట్రమంతా కలిసి కదులుతోంది. వచ్చే నెల కింది కప్పును మోసే ఆరు అంచెల చేతులను మూల స్తంభాల నుంచి మొదలుపెడతాను, అక్కడ రెండు దిక్కుల చేతులు ఒకే స్తంభంలో దిగాలి కనుక బెజ్జాల ఎత్తులను ముందే గీసి పెట్టుకున్నాను.