దశాంగం గుగ్గులోపేతం: ధూపానికి అగరు చెక్క కొనేవారికి

దశాంగం గుగ్గులోపేతం సుగంధం సుమనోహరం
ఉమాసుత నమస్తుభ్యం గృహాణ వరదో భవ

వినాయక చవితి నాడు తెలుగిళ్లలో ధూపం వేసేటప్పుడు చదివే శ్లోకమిది. పది ద్రవ్యాలు కలిపి, గుగ్గులు చేర్చి చేసిన, మనసుకు ఇంపైన సువాసన గల ధూపాన్ని స్వీకరించి వరాలివ్వు తండ్రీ అని వేడుకుంటాం. ద్రవ్యం పేరు ఇంత వివరంగా పలుకుతూ, చేతిలో మాత్రం రసాయనం అద్దిన బత్తి తిప్పడం చాలా ఇళ్లలో అలవాటైపోయింది. నోటితో చెప్పిన వస్తువు, చేతితో ఇచ్చిన వస్తువు ఒకటే కావాలి. కొంచెమే అయినా అసలుది కావాలి.

ఆ పది ద్రవ్యాలు ఏవన్నది గ్రంథానికో తీరుగా ఉంటుంది. గంధం, గుగ్గులు, అగరు మాత్రం చాలా జాబితాల్లో కనిపిస్తాయి. వీటిలో అగరు అత్యంత ఖరీదైనది, మోసం కూడా దానిలోనే ఎక్కువ. అందుకని అప్పు చేసి అగరు కొనమని ఏ శాస్త్రమూ చెప్పదు. గీత తొమ్మిదో అధ్యాయంలో స్వామి అడిగింది ఆకు, పువ్వు, పండు, నీరు మాత్రమే. మంచి సాంబ్రాణి నాలుగు పలుకులు వేసినా ధూపోపచారం పూర్తయినట్టే. శక్తి ఉండి, అగరే సమర్పించాలని మనసు పడినవారి కోసమే ఈ వివరాలు.

అగరు చెట్టు కలప మామూలుగా తెల్లగా, తేలిగ్గా ఉంటుంది, వాసనే ఉండదు. పురుగు తొలిచినచోటో, గాయమైనచోటో శిలీంధ్రం చేరితే చెట్టు తనను కాపాడుకోవడానికి నల్లని జిగురు ఊరుస్తుంది. ఆ జిగురు ఏళ్ల తరబడి కలపలో ఇంకితేనే అగరు. అమరకోశం అగరుకు చెప్పిన పేర్లలో కృమిజం ఒకటి, పూర్వులకు ఈ సంగతి తెలుసన్నమాట. మన దేశంలో ఈ చెట్టు ముఖ్యంగా అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో పెరుగుతుంది. అక్కడి హోజాయి పట్టణం అగరు వ్యాపారానికి పేరు పొందింది. అడవి చెట్లు తరిగిపోవడంతో 1995 నుంచి ఈ జాతి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చింది. అందుకే బిల్లు ఇవ్వని దుకాణంలో కొనకండి. అడవిలో దొంగచాటుగా నరికిన చెట్టు దేవుడి ముందుకు రాకూడదు. తోటల్లో పెంచి, కాండానికి రంధ్రాలు చేసి, శిలీంధ్రం ఎక్కించి తీసిన అగరు కూడా అసలు అగరే. పూజకు దానిలో ఏ లోపమూ లేదు, ధర కూడా అడవి చెక్క కంటే తక్కువ.

హైదరాబాద్‌లో చెక్క రూపంలో అగరు కావాలంటే పూజాసామగ్రి కొట్ల కంటే చార్మినార్, పత్తర్‌గట్టి వైపు అత్తరు దుకాణాలే నయం. అక్కడ ఊద్ అని అడగండి, అగరు అంటే అగరుబత్తి అనుకోవచ్చు. గుగ్గులు, జటామాంసి, వట్టివేరు లాంటివి బేగంబజార్ మూలికల దుకాణాల్లో దొరుకుతాయి. పాతబస్తీలో తూకం తులాల్లో చెబుతారు. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు చాలామంది 10 గ్రాములనే తులమంటారు. కాబట్టి ధర గ్రాముల్లోనే మాట్లాడుకోండి. రకాన్ని బట్టి కిలో వేలల్లోనూ ఉంటుంది, లక్షల్లోనూ ఉంటుంది. మొదటిసారి 3 నుంచి 5 గ్రాములకు మించి కొనవద్దు. అలంకారపు డబ్బాలో ముందే ప్యాక్ చేసినది కాకుండా, విడిగా పోసి చూపించే చెక్కే తీసుకోండి. బఖూర్ పేరుతో అమ్మేది చాలావరకు సెంటులో నానబెట్టిన చెక్కపొడి, అది వేరే సరుకు.

ఇక పరీక్షలు. ముక్కను వెలుతురులో తిప్పి చూడండి. అసలు చెక్కలో లేత గోధుమ రంగు కలప మధ్య నల్లటి గీతలు, మచ్చలు క్రమం లేకుండా పారి ఉంటాయి. ఒకే నలుపు నున్నగా పరుచుకుని, విరిస్తే లోపల తెల్లగా ఉంటే అది రంగు వేసిన చెక్క. తడిపిన తెల్ల కాగితం మీద రుద్దితే రంగు దిగకూడదు. చల్లగా ఉన్నప్పుడే వాసన గుప్పుమంటే సెంటు కలిసినట్టే, మంచి అగరు వేడి తగిలితేగాని పలకదు. నీళ్లలో మునిగితే అసలుదని అందరూ చెప్పే మాటను పూర్తిగా నమ్మకండి. జిగురు బాగా పట్టిన ముక్క మునగడం నిజమే, కానీ బరువు కోసం సీసం లాంటివి ఎక్కించిన ముక్క కూడా మునుగుతుంది. తేలిన ముక్కల్లోనూ మంచి ధూపమిచ్చేవి ఉంటాయి. అన్నిటికంటే గట్టి పరీక్ష వేడి. చిన్న పేడు వెచ్చని బూడిద మీద పెడితే జిగురు బుడగలై పైకి ఉబుకుతుంది. వాసన మొదట తియ్యగా, తర్వాత ఘాటుగా, చివర కలప వాసనగా మారుతూ సాగుతుంది. నకిలీది మొదటి నిమిషంలోనే తన వాసనంతా వదిలేసి, ఆపైన కాలిన ప్లాస్టిక్ కంపు కొడుతుంది.

ఇక్కడ భక్తులకు ఒక సందేహం వస్తుంది. దేవుడికిచ్చే పువ్వును ముందు మనం వాసన చూడకూడదు, ధూపానికీ ఆ నియమం పాటించే ఇళ్లున్నాయి. మరి పరీక్ష ఎలా? కొనే ముక్క నుంచి ఒక పేడు విడదీయించి, దాన్నే కాల్చి చూడండి. మిగిలినది ముక్కుకు దూరంగా పొట్లం కట్టించి పూజకు ఉంచండి. ఆ పేడు పరీక్ష కోసం పోయినట్టే, దాన్ని మళ్లీ పూజాద్రవ్యంలో కలపవద్దు.

గంధం విషయంలో మన ప్రాంతంలో ఒక పొరపాటు ఉంది. శేషాచలం అడవుల ఎర్రచందనానికి సువాసన దాదాపు ఉండదు. విలువైన కలపే, చట్టం రక్షణ ఉన్న చెట్టే, కానీ ధూపానికి పనికిరాదు. కావలసింది శ్రీగంధం, అందులోనూ లోపలి చేవ. పైనుండే తెల్ల కలపకు వాసన రాదు. పొడి కొనడం కంటే చెక్క కొని, సాన మీద నీళ్లతో నాలుగు చుట్లు అరగదీసి చూడండి. ఆరిన తర్వాత కూడా పరిమళం నిలిస్తే మంచిది.

అగరును నిప్పు మీద నేరుగా వేయడమే అందరూ చేసే తప్పు. వేలు పోసి కొన్న చెక్క కట్టెపుల్లలా మండి, పొగ తప్ప ఏమీ మిగల్చదు. ధూపపాత్రలో సగం వరకు జల్లించిన బూడిద పోయండి. కొబ్బరిచిప్ప బొగ్గు ఒకటి ఎర్రగా రాజేసి, బూడిదలో పాతి, పైన అర సెంటీమీటరు బూడిద కప్పండి. దాని మీద అభ్రకం రేకు, రేకు మీద మినపగింజంత అగరు. పొగ కనీకనపడకుండా లేస్తే వేడి సరిగ్గా ఉన్నట్టు. నల్లబడి పొగ చిమ్మితే బూడిద ఇంకొంచెం కప్పండి, వాసనే రాకపోతే కొంచెం బూడిద తీయండి. అంగట్లో దొరికే గుండ్రటి బొగ్గుబిళ్లల్లో తొందరగా అంటుకోవడానికి సూరేకారం కలుపుతారు. అది వాడితే పైన తెల్లబూడిద పూర్తిగా పట్టేదాకా ఆగాలి, లేదంటే ఆ వాసనే ముందుగా స్వామికి చేరుతుంది. పిడక నిప్పు సాంబ్రాణికి చాలా బాగుంటుంది గానీ దాని వాసనలో అగరు మునిగిపోతుంది. కర్పూరం మంటా దీనికి సరిపడదు. షోడశోపచార పూజ చేసేవారు బొగ్గును ఆవాహన సమయానికే రాజేసుకుంటే, ‘ధూపమాఘ్రాపయామి’ అనే వేళకు వేడి సరిగ్గా కుదురుతుంది. అపార్ట్‌మెంట్లలో మూసిన పూజగదిలో బొగ్గు పెట్టకండి. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. కిటికీ తెరిచే ఉంచండి.

దశాంగం ఇంట్లోనే కలుపుకోవాలంటే 100 గ్రాములకు ఈ కొలత కుదురుతుంది. దేవదారు 25, గంధపు పొడి 20, గుగ్గులు 20, సాంబ్రాణి 15, వట్టివేరు 5, జటామాంసి 5, కచ్చూరాలు 3, తుంగముస్తలు 3, లవంగాలు 2, అగరు పొడి 2 గ్రాములు. గుగ్గులు అడిగితే గుగ్గిలం చేతికిచ్చే కొట్లున్నాయి. గుగ్గిలం పసుపు పలుకుల్లా గట్టిగా ఉండి ఘాటైన పొగనిస్తుంది, గుగ్గులు ముదురు గోధుమ రంగులో జిగటగా ఉంటుంది. ఆ జిగట వల్లే మిక్సీలో వేస్తే వేడెక్కి బ్లేడుకు అంటుకుపోతుంది. రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉంచి, దేవదారు పొడి కలిపి రోట్లో దంచితే పొడి అవుతుంది. చివర ఒక చెంచా నెయ్యి, ఒక చెంచా తేనె చాలు. నెయ్యి ఎక్కువైతే కళ్లు మండే పొగ వస్తుంది.

చవితి వానాకాలంలో వస్తుంది కనుక దశాంగపు పొడి, గాలిలోని తేమ పీల్చి ముద్దకడుతుంది. పండుగకు వారం ముందు కలిపి, గట్టి మూత ఉన్న గాజుసీసాలో పోయండి. అగరు చెక్కను విడిగా మరో చిన్న సీసాలో, కర్పూరానికి దూరంగా ఉంచండి. పక్కనున్న వాసనను అది త్వరగా పట్టేస్తుంది.