స్కేలు చివర తాళాల గుత్తి

పోయిన నెల మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, సబ్జెక్టుల ఫారం శుక్రవారంలోగా ఇచ్చెయ్యాలి. కాలిక్యులస్ బదులు స్టాటిస్టిక్స్, ఫిజిక్స్ బదులు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పెట్టుకుంటే ఇంజనీరింగ్ సీటు రాదా?" అంది. ఆ రెంటిలోనూ తనకి మార్కులు బాగా వస్తాయి. కష్టమైనవి తీసుకుని గ్రేడ్లు పడిపోతే అసలుకే మోసం వస్తుందని భయం.

ఆ భయం నేను పడ్డదే. మన ఎంపీసీలాగా మూడు సబ్జెక్టులూ ఒక కట్టగా ఇచ్చే బడి కాదు నాది, ఎవరివి వాళ్లే ఏరుకోవాలి. "ఫిజిక్స్ కాలేజీలో ఎలాగూ మొదట్నుంచీ చెప్తారు, ఇక్కడ మార్కులు పోగొట్టుకోవడం దేనికి?" అన్నారు అక్కడ సలహా చెప్పేవాళ్లు. చివరి రెండేళ్లూ ఫిజిక్స్ వదిలేశాను. సీటు వచ్చింది. మెకానికల్‌లో చేరాక నిజంగానే మొదట్నుంచీ చెప్పారు. కాకపోతే బడిలో ఏడాది పట్టే పాఠం అక్కడ మూడు వారాల్లో అయిపోయింది. గోడకి ఆనించిన నిచ్చెన బొమ్మ వేసి, దాని మీద పనిచేసే బలాలన్నీ గీయమన్నారు. పక్కవాళ్లు బరువుకి ఒకటి, నేలకి రెండు, గోడకి ఒకటి అని బాణాలు గీసేసి లెక్కలోకి దిగిపోయారు. నేల దగ్గర రెండు ఎందుకో నాకు తెలియలేదు. ఒకటి నేల నిచ్చెనని పైకి నెట్టే బలం, రెండోది నిచ్చెన జారకుండా పట్టే ఘర్షణ. ఆ కోర్సు నేను రెండోసారి చదవాల్సి వచ్చింది.

అందుకే సీటు సంగతి తర్వాత మాట్లాడదామని, "నీ దగ్గర ముప్పై సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు ఉందా?" అని అడిగాను. వీడియో పెట్టింది. స్కేలు పది సెంటీమీటర్లు బల్ల అంచు దాటి బయటికి ఉండేలా నొక్కిపట్టి, చివర తాళాల గుత్తి వేలాడదీయమన్నాను. ఇంకో స్కేలుతో కొలిస్తే చివర 3 మిల్లీమీటర్లు కిందికి దిగింది. "ఇప్పుడు ఇరవై సెంటీమీటర్లు బయటికి ఉండేలా జరుపు. ఎంత దిగుతుందో ముందు చెప్పు" అన్నాను. ఆరు అంది. వేలాడదీసి చూస్తే 23.

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే వేళ్ల మీద లెక్కపెట్టి, "దాదాపు ఎనిమిది రెట్లు పిన్నీ. రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు" అంది. అవును, చివర దిగేది పొడవు ఘనంతో పాటు పెరుగుతుంది. ఘనమే ఎందుకు అన్నదే అసలు సంగతి. తాళాలు ఎంత దూరంలో ఉంటే బల్ల అంచు దగ్గర స్కేలుని వంచే ప్రభావం అంత పెరుగుతుంది. ఇది ఫిజిక్స్ చెబుతుంది. ఆ వంపుని స్కేలు పొడవునా కూడుకుంటూ పోతే వాలు వస్తుంది, వాలుని మళ్లీ కూడుకుంటూ పోతే చివర ఎంత దిగిందో వస్తుంది. అలా కూడుకుంటూ పోవడమే ఇంటిగ్రేషన్. రెండుసార్లు కూడాం గనక పొడవు రెండుసార్లు వచ్చి కలిసింది, మొదట ఉన్నదానితో మూడు. బాల్కనీ కట్టేవాళ్లకీ, విమానం రెక్క గీసేవాళ్లకీ మొదటి మెట్టు ఇదే.

నేను తనకి చెప్పదలుచుకున్నది కూడా ఇంతే. కాలిక్యులస్, ఫిజిక్స్ రెండూ ఒకే ఏడాది పక్కపక్కన చదవాలి. విడదీస్తే ఒకటి ఉత్త గుర్తులుగా, రెండోది ఉత్త సూత్రాల పట్టికగా మిగిలిపోతుంది. నాకు మిగిలిందదే. ఇంకో మాట, లెక్కలు చివరి ఏడాది దాకా ఆపకూడదు. ముందే కాలిక్యులస్ అయిపోయిందని ఆఖరి ఏడు ఖాళీగా వదిలేసినవాళ్లు కాలేజీలో చేరేసరికి చెయ్యి తిరగక అవస్థ పడటం చూశాను.

పేర్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి, ఇక్కడే చాలామంది పొరపడతారు. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అమెరికా పద్ధతి బళ్లలో కాలేజీ స్థాయిలో చెప్పే కోర్సులు; అవి తీసుకునేవాళ్లకి ఫిజిక్స్ 1, 2 బీజగణితంతో నడిచేవి, ఫిజిక్స్ సీ కాలిక్యులస్‌తో నడిచేది. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే అంతర్జాతీయ సిలబస్‌లో 2019 నుంచి లెక్కలు రెండు దారులయ్యాయి: అనాలిసిస్ అండ్ అప్రోచెస్ ఒకటి, అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్ ఇంకొకటి. రెండింటి మీదా మ్యాథ్స్ అనే ఉంటుంది. కానీ చాలా ఇంజనీరింగ్ కోర్సులు మొదటిదాన్నే, అదీ హయ్యర్ లెవెల్‌లో కోరతాయి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌కి మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ తప్పనిసరి. అమెరికాలోని ఎంఐటీ అయితే లెక్కలు కాలిక్యులస్ దాకా, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఒక్కో ఏడాది చదివి రమ్మని సూచిస్తుంది. మా పిల్లకి ఒకటే పని పెట్టాను: నచ్చిన ఐదు కాలేజీలు, అందులో నచ్చిన బ్రాంచి, వాళ్ల ప్రవేశాల పేజీలో అడిగిన సబ్జెక్టు పేరు అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోవడం. స్నేహితులు చెప్పిందీ, నేను చెప్పిందీ కూడా ఆ కాగితం తర్వాతే.

కెమిస్ట్రీ గురించి అడిగితే ఉంచుకోమన్నాను. కెమికల్ ఇంజనీరింగ్‌కి అది ఎటూ తప్పదు. బ్యాటరీలు, లోహాలు, తుప్పు, సిమెంటు గట్టిపడటం అన్నీ అందులోవే. బయోమెడికల్ మీద మనసుంటే బయాలజీ అదనంగా చేర్చుకోవచ్చు, ఫిజిక్స్ స్థానంలో మాత్రం కాదు. కంప్యూటర్ వైపు వెళ్లినా మాట్రిక్సులు, ప్రాబబిలిటీ కావాలి. ఆ మాటకొస్తే స్టాటిస్టిక్స్ మీద తనకున్న ఇష్టం ఊరికే పోదు. వీలుంటే అదీ చదవాలి, కాలిక్యులస్‌ని తోసేసి కాదు.

ల్యాబ్ ఉన్న ఫిజిక్సే తీసుకోమని గట్టిగా చెప్పాను. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999లో అంగారకుడి దగ్గరికి చేరాక నాశనమైపోయింది. ఒక సాఫ్ట్‌వేర్ నౌక ఇంజన్ల తోపుని పౌండ్ల లెక్కలో ఇస్తే, అవతలివాళ్లు అది న్యూటన్ల లెక్క అనుకున్నారు. రెంటికీ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. మన చేత్తో కొలిచి, పక్కన ప్రమాణం రాసి, రాయకపోతే మార్కు పోగొట్టుకుని నేర్చుకున్నవాళ్లకి ఆ అలవాటు ఎముకల్లో ఉంటుంది.

గ్రేడ్ల భయానికి నా దగ్గర మందు లేదు. ఫిజిక్స్‌లో తనకి ఒక మెట్టు తక్కువే రావచ్చు. దరఖాస్తు చదివేవాళ్లలో చాలామంది ఎంత వచ్చిందన్నదే కాదు, ఏది తీసుకుంటే వచ్చిందో కూడా చూస్తారని మాత్రం చెప్పాను. వారానికి రెండు సాయంత్రాలు తనతో కూర్చుంటానని మాటిచ్చాను.

శుక్రవారం ఫారం ఇచ్చేసింది. కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఆదివారం మళ్లీ ఫోన్. "పిన్నీ, మందం రెట్టింపైతే వంగేది ఎనిమిదో వంతుకి తగ్గాలని చదివాను. రెండు స్కేళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే సగమే తగ్గింది. ఎక్కడ తప్పు చేశాను?"

"తప్పేం లేదు. వంగేటప్పుడు రెండు స్కేళ్ల మధ్య ఏం జరుగుతోందో చివర్లు దగ్గరగా చూడు."

కాసేపాగి, "ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి" అంది.

"అయితే జారకుండా గట్టిగా అతికించి, జిగురు ఆరాక మళ్లీ కొలువు" అన్నాను.